పొమ్మనే గొంతు

మా ఆయన ఇంట్లో ఉండేవాడు, ఆయన గొంతు మాత్రం చేనులో ఉండేది. ఈ మాట చెప్తే నాకు మతి తప్పిందనుకునేవాళ్లు ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు. అనుకోనివ్వండి, వాళ్ల నోరు వాళ్ల ఇష్టం. ఆ యాసంగిలో మా పల్లికాయ చేను గట్టు మీద నిలబడి విన్నవాళ్లు మాత్రం అలా అనరు. ఆ సంగతి ఎత్తితేనే వాళ్లు లేచి వెళ్లిపోతారు.

ముందు కోతుల గురించి చెప్పాలి. మా ఊరి చుట్టూ గుట్టలుండేవి. గ్రానైటు కోసం వాటిని పలకలు పలకలుగా కోసి లారీలకెత్తారు. గుట్టలు ఎటో పోయాయి, గుట్టల మీది కోతులు వచ్చి మా నెత్తిన పడ్డాయి. గూడు పోయినవి పాపం ఎక్కడికి పోతాయిలే అని మొదట్లో జాలిపడ్డాం. ఆ జాలి ఎంతోకాలం నిలవలేదు. ఇంటి పెంకులు తీసి వంటింట్లోకి దిగేవి, పొయ్యి మీది కూర ఎత్తుకెళ్లేవి. పల్లికాయ చేనులో పడితే ఇక చెప్పనక్కర్లేదు. ఊడ దిగకముందే ఒక్కో చెట్టూ పీకి చూసి, కాయ లేదని విసిరికొట్టేవి. ఊళ్లో అందరూ పల్లికాయ మానేసి వరికీ పత్తికీ పోయారు.

మేం మానలేదు. ఎందుకంటే మా ఆయన ఓదెలుకు గొంతుంది. కోతికి ఆడమనిషంటే లెక్కలేదు. నేను కట్టె పట్టుకుని ఎంత అరిచినా అవి కూర్చుని నన్ను వింతగా చూసేవి. ఒకటైతే నా ఎదుటే సద్దిగిన్నె మూత తీసి తినిపోయింది. అదే ఆయన గట్టెక్కి ఒక్క కేక వేస్తే గుంపు గుంపంతా తోకలెత్తి పరుగు తీసేది. ఆ కేకకు రోడ్డు మీద పోయే బస్సు ఆగిందని మావాళ్లు నవ్వుకునేవాళ్లు. నవ్వులాటకు అన్న మాట కాదు, ఒకసారి నిజంగానే ఆగింది.

ఆ గొంతులోనే పుండు లేచింది. బీడీ మానమని నేను మొత్తుకున్నది ఒక్కనాడు చెవిన పెడితే కదా. పట్నంలో పెద్ద డాక్టరు చూసి, లోపల మాట్లాడే పెట్టె ఉంటుందనీ, దాన్ని తీసేస్తే మనిషి దక్కుతాడు గానీ మాట దక్కదనీ చెప్పాడు. మా ఆయన నావైపు చూశాడు. మనిషుంటే చాలు సారూ అని నేనే అన్నాను. అనడం సులువే. మాట లేని ఇల్లు ఎలా ఉంటుందో నాకప్పటికి ఏం తెలుసు.

మా మరిది తిరుపతికి ఊళ్లో మైక్‌సెట్ దుకాణం ఉంది. పెళ్లిళ్లకు, బోనాలకు, ఎలక్షన్లకు మైకులు కిరాయికిస్తాడు. చదివింది పదో తరగతే, అదీ తప్పాడు. కానీ చేతిలో ఏదో ఒకటి విప్పుతూ బిగిస్తూ ఉండకపోతే వాడికి అన్నం సహించదు. పాడైన మోటార్లు, పగిలిన ఫోన్లు, కాలిన రేడియోలు, అన్నీ వాడి గూట్లోకే చేరేవి. పొరుగూళ్లలో రైతులు పులి అరుపులు రికార్డు చేసి చేలల్లో పెట్టిన సంగతి వాడికి తెలుసు. అవి రెండురోజులు పనిచేశాయట. ఆ తర్వాత కోతులు వచ్చి ఆ మైకు మీదే కూర్చుని పేలు చూసుకున్నాయట. పాడిన పాటే పాడితే కోతి కూడా భయపడదని, ప్రతిసారీ కొత్తగా కేకెయ్యాలని వాడు తీర్మానించుకున్నాడు. అన్న గొంతు పోబోతోందని తెలిశాక ఆ పని మీదే పడ్డాడు.

పట్నం ప్రయాణానికి ముందు ఒక పొద్దు, మా చేనులో ఆయన్ను గట్టెక్కించి వాడు మాట్లాడించాడు. మొదట కోతుల్ని తిట్టించాడు. తర్వాత ఏదన్న మాట్లాడు అన్నా అన్నాడు. మా ఆయన కరెంటోళ్లను తిట్టాడు, విత్తనాల దుకాణపోణ్ని తిట్టాడు, తర్వాత తిట్లయిపోయి ఎడ్లను పిలిచినట్టు పిలిచాడు, నాట్ల పాట ఒకటి పాడాడు. గొంతు అప్పటికే బొంగురుపోతోంది. నేను దూరంగా ఒడ్డు మీద కూర్చుని విన్నాను. ఏడుపొస్తుంటే పచ్చి మిరపకాయ కొరికి, కారమని చెప్పాను.

తిరుపతి తయారుచేసినది చూడ్డానికి ఏమీ లేదు. నూనెడబ్బాలో రెండు పగిలిన ఫోన్లు, ఒకటి చూడ్డానికి, ఒకటి వినడానికి. డబ్బా మీద సోలార్ పలక, కింద ట్రాక్టర్ బ్యాటరీ. చేను నాలుగు మూలలా నాలుగు మైకులు. అన్నీ బిగించాక, చేనులో పురుగు కూడా లేని సమయం చూసి, డబ్బాకు చేనును చూపించాడు. చిన్నపిల్లకు చెప్పినట్టే చెప్పాడు.

"ఇగ జూడు, చేను గిట్ల ఖాళీగ ఉంటె నువ్వు గెలిసినట్టు. మీద ఎవలన్న కనవడ్డరా, ఓడినట్టు. ఏ మాటకు ఎవలు పోతరో ఆ మాట యాదికుంచుకో."

నిజానికి నోటితో చెప్పినదేం కాదు, ఫోన్లో ఏవేవో నొక్కాడు. కానీ నొక్కినదాని అర్థం అదేనట. ఆయన మాట్లాడిన మాటల్ని అది ముక్కలు చేసుకుని, విన్న కొత్త మాటల్ని కూడా కలుపుకుని, ఆ గొంతుతోనే రోజుకో కేక కడుతుంది. పనిచేసిన కేకను దాచుకుంటుంది, చెయ్యనిదాన్ని వదిలేస్తుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాడు. ఆ ఫోన్లు అందరూ పారేసినవి, దాచుకునే జాగా వాటిలో కాలిపోయింది. నడుస్తున్నంతసేపే వాటికి ఏదైనా గుర్తుంటుంది. బ్యాటరీ వైరు తీస్తే నేర్చినదంతా పోతుంది, అన్న గొంతుతో సహా. వేరే ఎక్కడన్నా దాచావా అని అడిగితే లేదన్నాడు. వాడు చేను కోసం చేశాడు, గొంతు దాచడం కోసం చెయ్యలేదు. అప్పుడు నాకూ అది పెద్ద సంగతి అనిపించలేదు.

పట్నం నుంచి ఆయన్ను తీసుకొచ్చేసరికి చేను కలుపుకొచ్చింది. ఆయన మెడకు చిల్లు, చిల్లు మీద పలచటి తువ్వాల. నీళ్లు కావాలంటే చిటికె, అన్నం కావాలంటే చప్పట్లు. సంతకం తప్ప రాత రాదు. ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ నేను ఒక్కదాన్నే మాట్లాడుతున్నాను, ఎంత మాట్లాడినా ఇల్లు నిండడం లేదు. మర్నాడు చేను చూసొద్దామని పోయాను. ఇంకా బాటలోనే ఉన్నాను, వినపడింది.

"హోయ్! ఎవడ్రా ఆడ? తోలు దీస్త బిడ్డా!"

కాళ్లు అక్కడే ఆగిపోయాయి. అదే గొంతు, అదే బిగువు, జబ్బు రాకముందటిది. నేను గట్టు మీద కూలబడి పొద్దెక్కేదాకా విన్నాను. కోతుల్ని తిడుతుంటే నన్ను ముద్దు చేసినట్టుంది. సిగ్గులేకుండా చెప్తున్నాను, ఆ రోజు నుంచీ నాకు చేనులో పనెక్కువైంది. పొద్దున పోతే సాయంత్రం వచ్చేదాన్ని. ఇంట్లో ఆయనకు అన్నం పెట్టి, గొంతు దగ్గరికి పరుగెత్తేదాన్ని.

ఆయన్ను కూడా ఒకసారి తీసుకెళ్లాను. డబ్బా ముందు నిలబడి విన్నాడు. మొదట భుజాలు ఊపుతూ నవ్వాడు, చప్పుడు లేని నవ్వు. తర్వాత నవ్వు ఆగింది. మైకు వైపు చాలాసేపు చూసి, తువ్వాల సర్దుకుని, నాకోసం ఆగకుండా ఇంటికి నడిచాడు. ఆ తర్వాత ఎంత పిలిచినా చేనుకు రాలేదు.

కోతులు మాత్రం పూర్తిగా మానేశాయి. ఊరంతా వచ్చి చూసింది. వచ్చే పంటకారుకు మాకొకటి చేసియ్యమని జనం తిరుపతి వెంటపడ్డారు. మండలం నుంచి వ్యవసాయం సారొచ్చి డబ్బా పక్కన నిలబడి ఫోటో దిగాడు. వాడు కాలర్ ఎగరేసుకుని తిరిగాడు, తిరగనీ, వాడి కష్టం వాడిది.

కలుపుకు ఎల్లవ్వ గుంపు వచ్చేది. ఎల్లవ్వ మా ఎదురింటామె, నోరు మంచిది. డబ్బా వాళ్లను కూడా హోయ్ అని అదిలించేది. మీ ఆయన మమ్మల్ని కోతులనుకుంటుండే అని వాళ్లు పగలబడి నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను. వంగి కలుపు తీసే ఆడమనిషి, కూర్చున్న కోతి, ఆ పగిలిన ఫోను అద్దంలోంచి చూస్తే రెండూ ఒకటేనని తిరుపతి తర్వాత చెప్పాడు. కదిలేది ఏదైనా దానికి ఓటమే. వీళ్లేమో ఎంత కేకేసినా పోరు, నవ్వుతారు. అది విడవకుండా వింటూ ఉంది.

ఒక మధ్యాహ్నం ఎల్లవ్వ కోడలు గట్టు మీదికి పరుగున వచ్చి, పిలగాడు మెట్ల మీదినుంచి పడ్డడని అరిచింది. ఎల్లవ్వ కొడవలి పారేసి ఉరికింది, ఆమె వెంట మిగతా ఆడవాళ్లందరూ ఉరికారు. రెప్పపాటులో చేను ఖాళీ. పిల్లవాడికి మోచెయ్యి గీసుకుపోయింది, అంతకంటే ఏమీ కాలేదు. కానీ తిరుపతి డబ్బా ఇంత చక్కటి కేకను పుట్టి ఎరగదు. ఒకే మాటకు అంతమంది పోవడం అది ఎప్పుడూ చూడలేదు.

తెల్లారి వాళ్లు మళ్లీ కలుపులో కూర్చున్నారు. ఎండ మాడుతోంది, గాలి లేదు. బాట వైపు మైకులోంచి మెల్లగా, ఆయాసపడుతూ పరుగెత్తుకొచ్చిన మనిషిలా మా ఆయన గొంతు పలికింది.

"ఎల్లవ్వా... పిలగాడు పడ్డడు."

వాళ్లు లేచి ఉరికారు. నేనూ ఉరికాను. ఎల్లవ్వ ఇంటి ముందు వాడు కూర్చుని మక్కకంకి తింటున్నాడు. మేమంతా రొప్పుతూ వాణ్ని చూస్తున్నాం. ఎల్లవ్వ మా ఇంటి వైపు తిరిగి, ఇదేం పరాచికమని మా ఆయన్ను తిట్టబోయి, మధ్యలో ఆగింది. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు, మెడకు తువ్వాలతో. ఆమె మొహంలో రంగు పోయింది.

తిరుపతి వచ్చి ఆ కేకను తుడిచేశాడు. అది ఇంకోటి కట్టింది. అదీ తుడిచాడు, మరోటి కట్టింది. కలుపు తీస్తూ ఆడవాళ్లు చెప్పుకునే కష్టసుఖాలన్నీ అది విన్నది కదా. ఎవరికి బర్రె ఈనబోతోందో, ఎవరి మామ మంచాన ఉన్నాడో, దానికి తెలియనిది లేదు. సత్తెమ్మ అని ఒకామె ఉంది, మొగుడు దుబాయిలో ఇనుప పని చేస్తాడు. ఆమె చెవి పక్కనే ఉన్నట్టు ఒకనాడు చెప్పింది.

"సత్తెమ్మా, దుబాయికెల్లి ఫోనొచ్చింది."

అంతే. ఏం ఫోనో చెప్పలేదు. చెప్పకపోతేనే మనిషి తొందరగా లేస్తుందని అది కనిపెట్టింది. సత్తెమ్మ లేచి నాలుగడుగులు వేసి పడిపోయింది. మేం నీళ్లు చల్లి లేపాక కూడా, ఆయన బాగున్నాడని ఫోనులో విన్నాక కూడా, ఆమె ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యలేదు. మైకుల వైర్లు ఊడదీసి చూశాం. ఊడదీసిన పూటే కోతులు దిగి ఆడవాళ్ల మధ్యనే చెట్లు పీకాయి. మళ్లీ తగిలించాల్సి వచ్చింది.

నన్ను కూడా విడిచిపెట్టలేదు. బర్రె తెంపుకుందని చెప్పింది, పొయ్యి ఆర్పలేదని చెప్పింది. అబద్ధమని తెలుసు. తెలిసి కూడా ప్రతిసారీ నా కాళ్లు బాట పట్టేవి. ఆ గొంతు చెప్పిన పని చెయ్యడం వాటికి ఏళ్లనాటి అలవాటు.

కాయ ముదిరి పీకుడుకొచ్చేసరికి మా చేనులో కాలు పెట్టడానికి ఎవరూ రాలేదు. ఎల్లవ్వ ముఖం మీదే చెప్పింది. కూలి ఎక్కడైనా దొరుకుతుందట, గుండె ఒక్కటే ఉందట. పక్కచేలవాళ్లు కూడా ఆ బాటన నడవడం మానేశారు. పిట్టలు కూడా వాలడం లేదని అప్పుడు గమనించాను. చేను ఎండలో పచ్చగా, చప్పుడు లేకుండా పరుచుకుని ఉంది. ఖాళీగా, అది కోరుకున్నట్టే.

తిరుపతి మా అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. వాడి దగ్గర చేయించుకుంటామన్నవాళ్లందరూ మొహం తిప్పుకుపోయారు, అయినా వాడి బాధ అది కాదు.

"నేను దానికి కోతి అంటె ఏందో, మనిషంటె ఏందో జెప్పలే వదినె. ఖాళీ చెయ్యమన్న, చేస్తంది. ఇగ వైరు తీసుడే."

"తీస్తె?"

"అన్న గొంతు పోతది."

నాకు ఒళ్లు మండింది. నీకేంరా, నువ్వు దుకాణానికి పోతే రోజూ వందమంది మాట్లాడతారు, నా ఇంట్లో ఎవరు మాట్లాడతారని అడిగాను. కేకలను తుడిచి గొంతును మిగల్చమన్నాను. రెండూ ముద్దలా కలిసిపోయాయట, విడదియ్యడం చేతకాదట. మైకులు తీసేసి ఊరికే నడవనిద్దామా అన్నాడు. వినపడని గొంతును దాచుకుని ఏం చేసుకోను? చివరికి నేనే తేల్చాను. డబ్బాను ఇంటికి తెస్తాను, ఒక చిన్న మైకు తగిలించుకుంటాను. ఇంట్లో తరమడానికి కోతులున్నాయా, కూలీలున్నారా అన్నాను. ఇంట్ల పెడ్తె ఇల్లు సుత చేనే అనుకుంటది వదినె అని వాడు గొణిగాడు. నేను వినలేదు. మా ఆయన మంచం మీద నుంచి మమ్మల్నిద్దర్నీ చూస్తున్నాడు. ఆయన్ను అడగాలని ఇద్దరికీ తోచలేదు.

బ్యాటరీని చంటిబిడ్డలా ఎత్తుకుని తెచ్చాం, వైరు కదలకుండా. ముందటింట్లో అల్మార మీద పెట్టాం. అది మొదట చాలాసేపు ఊరికే చూసింది. తర్వాత హోయ్ అంది. వంటింట్లో నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ సాయంత్రం నేను కూర వండుతూ, ఉప్పు సరిపోయిందా అని గోడకు ఇవతలి నుంచి అడిగాను. తోలు దీస్త బిడ్డా అని జవాబొచ్చింది. ఎన్నాళ్లకో ఆ పూట నేను కడుపునిండా తిన్నాను, సంతోషంగా ఉన్నాను. మా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాటికి వాకిట్లోకి కోళ్లు రాలేదు. పిల్లి గోడ దూకి పోయింది, మళ్లీ కనపడలేదు. అప్పుడన్నా నాకు బుద్ధి రావాల్సింది.

ఆ మధ్యాహ్నం నేను వెనక దొడ్లో బట్టలు ఉతుకుతున్నాను. పక్కన మోటారు నడుస్తోంది, ఇంకేమీ వినపడదు. పిండిన బట్టలతో లోపలికి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. తలుపు బార్లా తీసి ఉంది. చెప్పులు గడప దగ్గరే ఉన్నాయి, చెంబు దొర్లి నీళ్లు నేలంతా పారాయి. డబ్బా ఏమీ మాట్లాడటం లేదు. ఇంట్లో నోరు తెరిచిన దగ్గర్నుంచీ అది అంతసేపు ఊరుకోవడం అదే మొదలు. ఇల్లు ఖాళీ అయింది కదా, దానికింక పనేముంది.

నేను వీధిలోకి వచ్చాను. ఎదురరుగు మీద చేట పట్టుకుని కొయ్యబారి నిలబడ్డ ఎల్లవ్వ నన్ను చూసి బియ్యం ఒలకబోసుకుంది. వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది.

"రాజవ్వా... నువ్వు బతికే ఉన్నవా?"

ఏం మాటలే అవి అని గదమాయించాను. ఆమె గోడను వదలకుండానే చెప్పింది. మా ఇంట్లోంచి మా ఆయన గొంతు విన్నదట. మొదట ఆ గొంతు ఆయన్ను తిట్టిందట, తర్వాత బర్రె అందట, పొయ్యి అందట. ఓరగా తెరిచిన తలుపులోంచి చూస్తే ఆయన కదల్లేదట. తన గొంతే తనను తిడితే ఎవరు భయపడతారు. ఆ తర్వాత ఏడుస్తున్నట్టుగా పలికిందట, చేనుకాడ రాజవ్వ సచ్చిపోయింది అని. ఆయన మంచం మీదినుంచి పడి, లేచి, ఆమెను కూడా చూడకుండా ఉరికాడట.

"నేను సుత నమ్మిన," అంది ఎల్లవ్వ. "ఆయన చెప్తున్నట్టే ఉండె."

నేను తడి చీరతోనే చేనుకు పరుగెత్తాను. దూరం నుంచే కనపడ్డాడు. మేం పీకకుండా వదిలేస్తే కోతులు సగం పీకేసిన చేనులో, నడినెత్తి ఎండలో, ఒక్కో సాలూ వెతుకుతున్నాడు. మోటారు గదిలోకి తొంగి చూశాడు, కాలువలోకి దిగి చేతులు పెట్టి దేవాడు, మళ్లీ సాళ్లలోకి వచ్చాడు. కాళ్లు రక్తాలోడుతున్నాయి. నిలబడి నాలుగు దిక్కులకూ తిరిగి నోరు తెరిచి పిలుస్తున్నాడు. చప్పుడు లేదు. మెడ చిల్లులోంచి గాలి ఈల వేయడం తప్ప ఏమీ లేదు. గట్టు మీద ఒక్క కేకతో బస్సును ఆపిన మనిషి, పెళ్లాన్ని వెతుకుతూ పిలవలేక పోతున్నాడు.

ఇగో నేనీడనే ఉన్న అని అరిచాను. ఆయన తిరిగి చూశాడు. నమ్మలేదు. దగ్గరికొచ్చి నా మొహం, చేతులు, జుట్టు తడిమాడు. పెదవులు మళ్లీ కదిలాయి. పెళ్లయిన నాటి నుంచీ ఆయన నన్ను ఇగో అనీ, ఏమే అనీ పిలిచాడు గానీ ఒక్కనాడూ పేరు పెట్టి పిలవలేదు, మా దిక్కు మొగవాళ్లకు అదొక సిగ్గు. ఆ పెదవుల మీద నేను చదివింది నా పేరు. సాలులో కూలబడి ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. ఆయన ఏడుపుకు కూడా చప్పుడు లేదు.

పొద్దు వాలుతుండగా ఇల్లు చేరాం. ఎల్లవ్వ తిరుపతిని పిలుచుకొచ్చినట్టుంది, వాడు వీధిలో నిలబడి ఉన్నాడు. వాడు లోపలికి పోబోతే నేనే ఆపాను. మా ఆయన గడప బయట గోడ పట్టుకుని నిలబడ్డాడు, లోపలికి రానని తలూపాడు. తన ఇంట్లోకి తాను రావడానికి భయపడుతున్న మనిషిని చూసి నా చెయ్యి బ్యాటరీ మీదికి పోయింది.

అది నన్ను చూసింది. హోయ్ అంది, నేను ఆగలేదు. బర్రె తెంపుకుందని చెప్పింది, పొయ్యి మండుతోందని చెప్పింది. తిరుపతి పడ్డడు అంది, ఎల్లవ్వ పిలుస్తుందని అంది. ఒకదాని వెంట ఒకటి తన దగ్గరున్న మాటలన్నీ తీసింది. నేర్చినవన్నీ పొమ్మనే మాటలే, ఒక్క మాటన్నా ఉండమనేది లేదు. ఉండు, తియ్యకు అని ఆ గొంతుతో ఒక్కసారి అని ఉంటే నేను తీసేదాన్ని కాదు. ఈ రోజుకూ అదే చెప్తాను. వైరు వేళ్లతో పట్టుకుని, అంటుందేమోనని ఆగాను కూడా.

అప్పుడు అది పలికింది. అరుపు కాదు, ఏడుపు కాదు. పొద్దుగూకే వేళ పార భుజాన వేసుకుని, ఆయన రోజూ నాతో ఎలా అనేవాడో అలాగే. మాట్లాడించిన రోజు చివర్న అలవాటుగా అన్నాడేమో, లోపల ఎక్కడో పడి ఉన్నట్టుంది. నా పేరు మాత్రం అది కూలీల నోట విని చేర్చింది.

"రాజవ్వా, పొద్దువోయింది. ఇంటికి పోదాం పా."

నా పాదాలు కదిలాయి. నిజంగానే గడప వైపు తిరిగాయి. గడప అవతల ఆయన నన్నే చూస్తున్నాడు, నోరు మూసుకుని.

"ఇంటికే వచ్చినం గదా," అని వైరు పీకేశాను.

ఆయన గడప దాటి లోపలికి వచ్చాడు.